గొలుసు లోహాల్లో అతివాహకత: మితి ఎక్కడ మారుతుంది?

అందరికీ నమస్కారం. అతివాహకత అంటే బాగా చల్లబరిచినప్పుడు నిరోధమే లేకుండా విద్యుత్తు పారడం. మితి అంటే ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదలగల దిశల సంఖ్య. క్వాసీ ఏకమితీయ వాహకాలు, అంటే దాదాపు ఒకే దిశలో విద్యుత్తును పోనిచ్చేవి, అనే పేరు నోరు తిరగదు కాబట్టి ఈ గంటసేపూ వాటిని గొలుసు లోహాలు అనుకుందాం. చదునైన అణువులు ఒకదాని మీద ఒకటి దొంతరగా పేరుకుని ఉంటాయి. ఎలక్ట్రాన్లు ఆ దొంతర వెంట సులువుగా పరుగెడతాయి, పక్క దొంతరలోకి మాత్రం కష్టం మీద దూకుతాయి. ఇలాంటి స్ఫటికం ఏకమితీయమా, ద్విమితీయమా, త్రిమితీయమా అని చాలామంది అడుగుతారు. అలా అడిగితే జవాబు ఉండదండీ. ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఎంత అయస్కాంత క్షేత్రంలో అన్నది కూడా కలిపి అడగాలి. ఇవాళ చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణగా బెష్‌గార్డ్ లవణాలనే తీసుకుంటాను, ఎందుకంటే వీటిలో అంకెలు బాగా తెలుసు. టీఎంటీఎస్ఎఫ్ అనే సెలీనియం ఉన్న సేంద్రియ అణువులు రెండింటికి ఒక రుణ అయాన్ చొప్పున ఉంటుంది. ఆ అయాన్ హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అయితే పీఎఫ్6 లవణం, పెర్‌క్లోరేట్ అయితే పెర్‌క్లోరేట్ లవణం. 1980లో జెరోమ్, మజో, రిబో, బెష్‌గార్డ్‌లు పీఎఫ్6 లవణాన్ని సుమారు 12 కిలోబార్ల పీడనంలో పెట్టి, 0.9 కెల్విన్ దగ్గర అతివాహకత చూశారు. సేంద్రియ పదార్థంలో అతివాహకత కనిపించడం అదే మొదలు. మరుసటి ఏడాదే పెర్‌క్లోరేట్ లవణం పీడనం అవసరం లేకుండానే 1.2 కెల్విన్ చుట్టుపక్కల అతివాహకం అయింది.

ఎలక్ట్రాన్ ఒక అణువు నుంచి పక్క అణువుకు దూకే శక్తిని బదిలీ శక్తి అంటాం. దొంతర వెంట, అంటే ఏ (a) అక్షం మీద, అది సుమారు 250 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. పక్క దొంతరకు, బీ అక్షం మీద, 25. దొంతరల వరుసల మధ్య అయాన్ల పొర అడ్డొచ్చే సీ అక్షం మీద 1. ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు అంటే 11.6 కెల్విన్లు కాబట్టి, వీటిని ఉష్ణోగ్రతల్లో చెప్తే సుమారు 2900, 290, 12 కెల్విన్లు. ఉష్ణ కదలిక ఒక దిశలోని బదిలీ శక్తిని మించితే ఆ దిశలో ఎలక్ట్రాన్ తరంగంలా వెళ్లలేదు, దారి తప్పినట్టు అప్పుడప్పుడూ దూకుతుంది, అంతే. లెక్కల్లో ఈ హద్దు బదిలీ శక్తిని పై (π) విలువతో భాగిస్తే వచ్చే దగ్గర పడుతుంది. అంటే బీ దిశకు సుమారు 90 కెల్విన్లు, సీ దిశకు సుమారు 4 కెల్విన్లు. ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ ఈ హద్దుల్ని ఇంకా కిందికి లాగుతుంది.

ఇది ఊహాలెక్క మాత్రమే కాదు. పీఎఫ్6 లవణంలో సీ అక్షం మీద విశిష్ట నిరోధం కొలిస్తే, చల్లబరుస్తున్నకొద్దీ మొదట పెరిగి, సుమారు 80 కెల్విన్ల దగ్గర శిఖరం చూపి, అక్కడి నుంచి పడిపోతుంది. ఆ సమయమంతా ఏ (a) అక్షం మీద నిరోధం మాత్రం మామూలు లోహంలా తగ్గుతూనే ఉంటుంది. పీడనం పెంచితే శిఖరం పై ఉష్ణోగ్రతలకు జరుగుతుంది, గొలుసుల మధ్య బదిలీ పెరుగుతుంది కాబట్టి. మితి మారడం కంటికి కనిపించే గుర్తు ఇదే.

ఇప్పుడు అసలు చిక్కు. ఒంటరి గొలుసులో అతివాహకత నిలబడదు. అతివాహకత అంటే ఎలక్ట్రాన్ జంటలు కట్టడం ఒక్కటే కాదు, ఆ జంటలన్నీ ఒకే ఫేజ్‌లో, అంటే ఒకే తరంగంలా అడుగు కలిపి, నడవాలి. 1966, 67లలో హోహెన్‌బర్గ్, మెర్మిన్, వాగ్నర్ ఇచ్చిన వాదనల ప్రకారం, ఒకటి రెండు మితుల్లో సున్నా కంటే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఇలాంటి దీర్ఘశ్రేణి క్రమం ఉండదు. రెండు మితుల్లో సుడులు (ఫేజ్ చుట్టూ తిరిగే చోట్లు) జంటలుగా కట్టుబడి ఉన్నంతవరకు నిరోధం లేని ప్రవాహానికి ఒక దారి ఉంది, దాన్నే బెరెజిన్‌స్కీ, కోస్టర్లిట్జ్, థౌలెస్ చూపించారు. ఒక మితిలో ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఎందుకో కాస్త దగ్గరగా చూద్దాం. సన్నని అతివాహక తీగలో ఒకచోట క్షణకాలం జంటల సాంద్రత సున్నాకు పడితే, అక్కడ ఫేజ్ ఒక పూర్తి చుట్టు జారిపోతుంది. జారిన ప్రతిసారీ కొంచెం వోల్టేజి పుడుతుంది, అదే నిరోధం. ఆ జారుడుకు అడ్డుగా ఉండే శక్తి, కోహెరెన్స్ పొడవు (అతివాహక స్థితి మారడానికి పట్టే కనీస దూరం) మేర తీగ ముక్కను మామూలు లోహంగా మార్చడానికి అయ్యే ఖర్చు. దీని రేటును 1967లో లాంగర్, అంబెగావ్‌కర్ లెక్కగట్టారు, 1970లో మెకంబర్, హాల్పెరిన్ సరిదిద్దారు. అర మైక్రాన్ మందం తగరపు తీగలో ఎలక్ట్రాన్లు పోయే సమాంతర మార్గాలు లక్షల్లో ఉంటాయి కాబట్టి అడ్డు చాలా ఎత్తు, సంక్రమణ ఉష్ణోగ్రతకు, అంటే అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రతకు, అంటిపెట్టుకున్న అతి చిన్న పరిధిలోనే జారుడు కనిపిస్తుంది. అదే ఒక్క అణువుల గొలుసు అయితే మార్గం ఒక్కటే. అప్పుడు కోహెరెన్స్ పొడవు వేగానికి అనులోమంగా, స్థితుల సాంద్రత (ఎలక్ట్రాన్లకు దొరికే స్థితుల సంఖ్య) వేగానికి విలోమంగా ఉండి రెండూ రద్దయిపోతాయి, ఆ అడ్డు కాస్తా శక్తి అంతరంలో, అంటే జంటను విడదీయడానికి కావాల్సిన శక్తిలో, చిన్న భాగంగా మిగులుతుంది. పదార్థం ఏదైనా సరే ఫలితం మారదు. కాబట్టి గొలుసును ఎంత శుద్ధంగా చేసినా ప్రయోజనం లేదు, పక్క గొలుసు సాయం కావాల్సిందే.

పక్క గొలుసు సాయం రెండు రకాలు. ఒకటి, ఎలక్ట్రాన్లు విడివిడిగానే పక్కకు పోగలిగితే లోహం ముందే ద్విమితీయమో త్రిమితీయమో అయిపోతుంది, ఆ తర్వాత జంటలు కడతాయి. రెండోది, గొలుసు లోపల శక్తి అంతరం ముందే తెరుచుకుని విడి ఎలక్ట్రాన్ పక్కకు పోలేకపోతే, జంట మొత్తంగా జోసెఫ్‌సన్ సంధి (రెండు అతివాహకాల మధ్య బలహీనమైన వంతెన) గుండా దూకుతుంది. ఈ రెండో సందర్భంలో సంక్రమణ ఉష్ణోగ్రతను నిర్ణయించేది జంటలు కట్టే శక్తి కాదు, గొలుసుల మధ్య జంటల బదిలీ. అది బదిలీ శక్తికి వర్గంగా ఉంటుంది కాబట్టి బదిలీ కొంచెం తగ్గినా సంక్రమణ ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. బెష్‌గార్డ్ లవణాలు మొదటి రకం. సీ దిశ హద్దు 4 కెల్విన్లు, సంక్రమణ 1.2 కెల్విన్లు. అంచు దగ్గరగా ఉన్నా మొదటి రకమే.

మరి గొలుసుల మధ్య బదిలీ ఎక్కువయ్యేకొద్దీ అతివాహకత బలపడుతుందా? ఇక్కడే చాలామంది తడబడతారు. ఏకమితీయ లోహానికి ఫెర్మీ ఉపరితలం, అంటే ఎలక్ట్రాన్లు నిండిన, నిండని ద్రవ్యవేగాల మధ్య హద్దు, రెండు చదును రేకులు. ఒక రేకును సరిగ్గా ఒకే దూరం జరిపితే రెండోదాని మీద పూర్తిగా కూర్చుంటుంది, దీన్నే నెస్టింగ్ అంటారు. అందువల్ల ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ) కలిసి సాంద్రతా తరంగం, అంటే ఎలక్ట్రాన్లు లేదా వాటి స్పిన్‌లు అలలా సర్దుకుని ప్రవాహాన్ని ఆపే స్థితి, కట్టే ధోరణి, ఎలక్ట్రాన్, ఎలక్ట్రాన్ కలిసి కూపర్ జంట కట్టే ధోరణి రెండూ ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ ఒకే లాగరిథం వేగంతో పెరుగుతాయి. 1966లోనే బిచ్‌కోవ్, గోర్కోవ్, జ్యాలోషిన్‌స్కీ ఈ రెండింటినీ విడదీసి లెక్కించకూడదని చూపారు. ఒకటి రెండోదాన్ని పోషిస్తుంది, ఒకటి రెండోదాన్ని తొక్కుతుంది కూడా. గొలుసు లోహాల్లో ఎక్కువ భాగం అతివాహకం కాకుండా బంధకం అవడానికి కారణం ఇదే. టీటీఎఫ్-టీసీఎన్‌క్యూ అనే మరో గొలుసు లోహంలో 58 కెల్విన్ల దగ్గరి వాహకతా శిఖరం 1973లో ఎంతో ఆశ రేపింది, 54 కెల్విన్ల దగ్గర పెయర్ల్స్ సంక్రమణ (సాంద్రతా తరంగంతో పాటు అణువులు కూడా జరిగి స్ఫటికం బంధకమయ్యే మార్పు) వచ్చి అంతా ఆగిపోయింది.

ఈ పోటీలో నెస్టింగ్‌ను చెడగొట్టేది గొలుసుల మధ్య బదిలీ. కానీ నేరుగా బీ దిశలోని 25 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు చెడగొట్టవు. అవి ఫెర్మీ రేకులను అలలుగా వంచుతాయి, కానీ రెండు రేకులూ జతగా వంగుతాయి కాబట్టి జరపాల్సిన దూరాన్ని సర్దుకుంటే మళ్లీ కలిసిపోతాయి. అసలు చేటు చేసేది రెండో హార్మోనిక్, అంటే రెట్టింపు వేగంతో వచ్చే చిన్న అల. దాని పరిమాణం సుమారుగా బీ బదిలీ వర్గాన్ని ఏ (a) బదిలీతో భాగిస్తే వచ్చేది, అంటే 25 ఇంటూ 25, బై 250. రెండున్నర మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, లేదా సుమారు 29 కెల్విన్లు. ముందుండే చిన్న గుణకం కలిపితే ఇది 10 నుంచి 20 కెల్విన్ల మధ్యకు వస్తుంది. పీఎఫ్6 లవణం మామూలు పీడనంలో 12 కెల్విన్ల దగ్గర స్పిన్ సాంద్రతా తరంగంగా మారుతుంది. రెండు అంకెలూ ఒకే స్థాయిలో ఉన్నాయి చూడండి. అందుకే కొద్దిపాటి పీడనానికే తరాజు అటు మొగ్గుతుంది. సుమారు 9 కిలోబార్ల దగ్గర స్పిన్ తరంగం పోయి అతివాహకత వస్తుంది.

కానీ ఆ హద్దు దాటాక పీడనం ఇంకా పెంచితే సంక్రమణ ఉష్ణోగ్రత కిలోబార్‌కు 0.1 కెల్విన్‌కు కాస్త అటూ ఇటూగా పడిపోతూ ఉంటుంది. అంటే మితి పెరిగేకొద్దీ మంచిది అన్నది నిజం కాదు. స్పిన్ తరంగాన్ని చంపేంత బదిలీ కావాలి, స్పిన్ ఒడుదొడుకులు మిగిలేంత ఏకమితీయత కూడా కావాలి, జంటలు కట్టేందుకు తోడ్పడేవి ఆ ఒడుదొడుకులే అని చాలామంది ఒప్పుకుంటారు. గంధకం ఉన్న తోబుట్టువు టీఎంటీటీఎఫ్ పీఎఫ్6 ఇంకా ఎక్కువ ఏకమితీయం. దాన్ని అతివాహకం చేయడానికి 5 గిగాపాస్కల్స్ దాటాల్సి వచ్చింది, అంటే 50 కిలోబార్లు. ఒకే పటంలో ఈ లవణాలన్నీ పీడనం అక్షం మీద వరుసగా కూర్చుంటాయి.

సరిగ్గా హద్దు దగ్గర ఒక విడ్డూరం ఉంది. 9 కిలోబార్లకు కాస్త ముందు స్పిన్ తరంగమూ అతివాహకతా ముక్కలు ముక్కలుగా పక్కపక్కనే ఉంటాయి. నిరోధం మూడు దిశల్లో దేనిలో ముందు సున్నాకు పోతుందని అనుకుంటారు? అత్యంత సులువైన ఏ (a) దిశలో అనే కదా. 2010 కొలతల్లో తేలింది తలకిందులు: పీడనం పెంచుతూ పోతే ముందు సీ దిశలో, తర్వాత బీ దిశలో, అన్నిటికంటే చివర ఏ దిశలో. అతివాహక ముక్కలు గొలుసులకు అడ్డంగా పరుచుకుంటాయన్నమాట. ఒక్క ఏ (a) దిశలోనే కొలిచే ప్రయోగశాలలకు ఈ దశ అసలు కనిపించదు.

ఇప్పుడు ప్రయోగానికి వద్దాం. స్ఫటికాల్ని విద్యుద్విశ్లేషణ పద్ధతిలో, ప్లాటినం ఎలక్ట్రోడ్ల మధ్య ఒక మైక్రోఆంపియర్ స్థాయి స్థిర ప్రవాహంతో, వారాల తరబడి పెంచుతారు. ప్రవాహం పెంచితే త్వరగా వస్తాయి గానీ లోపాలుంటాయి, ఈ పదార్థాలు లోపాల్ని అసలు సహించవు. వచ్చేది ఒకటి రెండు మిల్లీమీటర్ల సూది, మందం 0.1 మిల్లీమీటరు.

ఆ సూది మీద వరుసగా నాలుగు బంగారు తీగలు కార్బన్ పేస్టుతో అంటించి ఏ (a) అక్షం నిరోధం కొలిచేశాం అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. లెక్క వేయండి. సీ దిశ విశిష్ట నిరోధం ఏ (a) దిశకంటే కనీసం 10,000 రెట్లు. అన్ని దిశల్లో ఒకేలా ఉండే పదార్థంగా మార్చి చూస్తే మందాన్ని ఆ నిష్పత్తి వర్గమూలంతో, అంటే 100తో గుణించాలి. 0.1 మిల్లీమీటరు మందం కాస్తా 10 మిల్లీమీటర్లు అయింది, పొడవు మాత్రం 1 మిల్లీమీటరే. అంటే ప్రవాహం పైపొరలోనే తిరుగుతుంది, వోల్టేజిలో సీ నిరోధం కలిసిపోతుంది. చివరల్లోని ప్రవాహపు సంధులు సూది అడ్డుకోత మొత్తాన్ని చుట్టి కప్పాలి. అన్నిటికంటే నమ్మదగింది సీ అక్షం కొలత: పై ముఖం మీద రెండు, కింది ముఖం మీద రెండు సంధులు. చల్లబరిచేటప్పుడు నిరోధం ఒక్కసారిగా గంతేస్తే స్ఫటికంలో పగులు వచ్చినట్టు. ఆ దత్తాంశాన్ని సరిచేసి వాడుకోవాలని చూడకండి, పారేయండి.

పీడనపు సెల్‌లో ఇంకో తంటా. గది ఉష్ణోగ్రత దగ్గర బిగించిన పీడనం చల్లబడ్డాక అంతే ఉండదు. డాఫ్నీ 7373 నూనె వాడితే చల్లబడేలోపు 1.5 నుంచి 2 కిలోబార్లు పోతాయి. హద్దు 9 దగ్గర ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. అందుకని సెల్ లోపలే ఒక సీసపు ముక్క పెట్టుకుంటారు. మామూలు పీడనంలో 7.2 కెల్విన్ల దగ్గర అతివాహకమయ్యే సీసం, గిగాపాస్కల్‌కు 0.365 కెల్విన్ చొప్పున తగ్గుతుంది కాబట్టి, చల్లబడ్డాక నిజంగా ఎంత పీడనం ఉందో అదే చెప్తుంది.

పెర్‌క్లోరేట్ లవణానికి పీడనం అక్కర్లేదు గానీ ఓపిక కావాలి. చతుర్ముఖి ఆకారపు పెర్‌క్లోరేట్ అయాన్‌కు కేంద్ర సౌష్ఠవం లేదు, అది రెండు వైపుల్లో ఎటైనా తిరిగి ఉండొచ్చు. 24 కెల్విన్ల దగ్గర ఇవి బీ దిశలో ఒకటి విడిచి ఒకటిగా సర్దుకుంటాయి. నెమ్మదిగా చల్లబరిస్తేనే సర్దుకుంటాయి. నిమిషానికి 50 కెల్విన్ల పైన వేగంతో చల్లబరిస్తే అయాన్లు ఉన్నచోటే గడ్డకట్టి, అతివాహకానికి బదులు 5, 6 కెల్విన్ల దగ్గర స్పిన్ సాంద్రతా తరంగం వస్తుంది. మధ్యస్థ వేగంతో పోతే సర్దుకున్న గుంటలు, సర్దుకోని పరిసరం కలిసి, అతివాహకం రేణువులుగా ఉంటుంది. నిరోధం పడిపోవడం మొదలవుతుంది గానీ సున్నాకు చేరదు. 40 నుంచి 20 కెల్విన్ల వరకు నిమిషానికి 0.05 కెల్విన్ చొప్పున దిగాలంటే ఆరు గంటల నలభై నిమిషాలు. ఆ సమయాన్ని కుదించాలని చూసినవాళ్ల వక్రరేఖలే ఒకదానితో ఒకటి పొంతన కుదరనివి.

ఇక అయస్కాంత క్షేత్రం. పెర్‌క్లోరేట్ లవణంలో కోహెరెన్స్ పొడవులు ఏ, బీ, సీ దిశల్లో వరుసగా సుమారు 75, 32, 2 నానోమీటర్లు. సీ దిశలో పొరల మధ్య దూరం 1.3 నానోమీటర్లు. 2, 1.3 కంటే ఎక్కువే కాబట్టి ఇది త్రిమితీయ అతివాహకం, కానీ బొటాబొటిగా. ఎగువ సందిగ్ధ క్షేత్రం, అంటే అతివాహకతను పూర్తిగా చంపే క్షేత్రం, కావాలంటే ఫ్లక్స్ క్వాంటాన్ని (అయస్కాంత అభివాహపు కనీస ముక్కను) 2πతోనూ, క్షేత్రానికి లంబంగా ఉన్న రెండు పొడవులతోనూ భాగించండి. సీ దిశ క్షేత్రానికి 0.14 టెస్లా, బీ దిశ క్షేత్రానికి 2.2 టెస్లాలు. రెండింటి మధ్య సుమారు పదహారు రెట్ల తేడా ఉంది. దీని పర్యవసానం చాలా సూటిగా ఉంటుంది: బీ దిశలో 2 టెస్లాలు పెట్టి స్ఫటికాన్ని 4 డిగ్రీలు పక్కకు పెడితే సీ దిశలో పడే భాగమే 0.14 టెస్లా. కొలవాల్సిన అతివాహకత అక్కడికక్కడే పోయింది. 0.1 డిగ్రీ కచ్చితత్వం లేకుండా ఈ కొలత మొదలుపెట్టకూడదు.

స్పిన్‌ల వల్ల వచ్చే పౌలీ హద్దు ఇంకొకటి, ఇది దాటితే క్షేత్రం జంటలోని స్పిన్‌లను ఒకే వైపు తిప్పి జంటను విడదీస్తుంది: సంక్రమణ ఉష్ణోగ్రతను 1.84తో గుణిస్తే, 1.2 కెల్విన్లకు 2.2 టెస్లాలు. కానీ పీడనంలో ఉన్న పీఎఫ్6 లవణంలో బీ దిశ క్షేత్రంలో అతివాహకత 6 టెస్లాల వరకు కొనసాగిందని 1997లో లీ, నాటన్, డానర్, చైకిన్ చూపారు. సంక్రమణ దగ్గర ఏ (a) దిశ రేఖ పైన ఉండి, చల్లబరిచేకొద్దీ బీ దిశ రేఖ దాన్ని దాటి పోతుంది. మితి మాట ఇక్కడ మళ్లీ వస్తుంది. 1986లో లెబెడ్ అన్నది ఇది: బీ దిశ క్షేత్రం ఎలక్ట్రాన్‌ను సీ దిశలో అటూ ఇటూ ఊపుతుంది, ఆ ఊపు వెడల్పు క్షేత్రం పెరిగేకొద్దీ తగ్గుతుంది, చివరికి ఎలక్ట్రాన్ ఒకే పొరలో చిక్కుకుంటుంది. అప్పుడు కక్ష్యల వల్ల జంటలు విడిపోవడం ఆగిపోతుంది. అంటే క్షేత్రమే త్రిమితీయాన్ని ద్విమితీయం చేస్తుంది.

ఆ ఊపు వెడల్పు కావాలంటే, సీ బదిలీకి నాలుగు రెట్లను ఎలక్ట్రాన్ ఆవేశం, ఫెర్మీ వేగం (గొలుసు వెంట ఎలక్ట్రాన్ వేగం), క్షేత్రం మూడింటి లబ్ధంతో భాగించాలి. వేగం సెకనుకు ఒకటిన్నర లక్షల మీటర్లు, బదిలీ 1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు అనుకుంటే, 4 టెస్లాల దగ్గర ఊపు సుమారు 6.7 నానోమీటర్లు, అంటే ఐదు పొరలు. ఒక్క పొరకు కుదించాలంటే 20 టెస్లాలు కావాలి. బదిలీ సగమైతే 10 టెస్లాలు చాలు. కాబట్టి 6 టెస్లాల ఫలితం మొత్తాన్ని ఈ ఒక్క కారణం మీదే మోపడం తొందరపాటే. స్పిన్ హద్దు దాటడానికి స్పిన్‌లు ఒకే వైపు ఉండే ట్రిప్లెట్ జంటలో, జంటకు సున్నా కాని ద్రవ్యవేగం ఉండే ఎఫ్ఎఫ్ఎల్ఓ స్థితో ఏదో ఒకటి కావాలి. 2007లో పెర్‌క్లోరేట్ లవణంలో తక్కువ క్షేత్రం దగ్గర స్పిన్ గ్రహణశీలత (క్షేత్రానికి స్పిన్‌లు స్పందించే తీరు) తగ్గడం ఎన్ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) కొలతల్లో కనిపించాక, స్పిన్‌లు ఎదురెదురుగా ఉండే సింగ్లెట్ జంట వైపే మొగ్గు ఎక్కువైంది.

క్షేత్రాన్ని సీ దిశలో పెడితే జరిగేది ఇంకా ఆశ్చర్యం. అక్కడ అది బీ దిశ కదలికను కుదించి ఎలక్ట్రాన్లను మళ్లీ ఏకమితీయం చేస్తుంది, నెస్టింగ్ మెరుగవుతుంది, పీడనంతో చంపిన స్పిన్ తరంగం కొన్ని టెస్లాల దగ్గర మెట్లు మెట్లుగా తిరిగి లేస్తుంది. 1984లో గోర్కోవ్, లెబెడ్ దీనికి సిద్ధాంతం ఇచ్చారు. ఒకే స్ఫటికంలో పీడనం మితిని పెంచుతుంటే క్షేత్రం తగ్గిస్తుందన్నమాట.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: స్ఫటిక నిర్మాణంలో గొలుసులు కనిపిస్తే ఏకమితీయమని అనుకోవచ్చా?

అనుకోకూడదండీ. 2015లో వచ్చిన పొటాషియం క్రోమియం ఆర్సెనైడ్ చూడండి, సంక్రమణ 6.1 కెల్విన్లు. బొమ్మలో క్రోమియం, ఆర్సెనిక్ గొట్టాలు స్పష్టంగా గొలుసులే. కానీ ఫెర్మీ ఉపరితలంలో రెండు చదును రేకులతో పాటు ఒక త్రిమితీయ భాగం కూడా ఉంది, సందిగ్ధ క్షేత్రంలో దిశల తేడా కూడా స్వల్పమే. 1975లో 0.26 కెల్విన్ దగ్గర అతివాహకమైన పాలీ సల్ఫర్ నైట్రైడ్ కూడా అంతే. అది పాలిమరే అయినా గొలుసుల మధ్య బంధం గట్టిగా ఉంది కాబట్టే పెయర్ల్స్ సంక్రమణ తప్పించుకుంది.

ప్రశ్న: నిజంగా ఏకమితీయంగా ఉంటూ అతివాహకమయ్యేది ఏదైనా ఉందా?

దానికి దగ్గరగా వచ్చేది లిథియం మాలిబ్డినం పర్పుల్ బ్రాంజ్ అనే ఊదారంగు ఆక్సైడ్. గొలుసుల మధ్య బదిలీ చాలా తక్కువ, సుమారు 25 కెల్విన్ల కింద నిరోధం పెరగడం మొదలవుతుంది, అయినా 1.9 కెల్విన్ల దగ్గర అతివాహకం అవుతుంది. గొలుసు వెంట పెట్టిన క్షేత్రంలో పౌలీ హద్దును కూడా దాటుతుంది. ఆ నిరోధం పెరుగుదల ఎందుకన్న దానిపై వాదం ఇంకా తెగలేదు. ఎక్స్-కిరణాల్లో స్పష్టమైన సాంద్రతా తరంగం దొరకలేదు కాబట్టి పెయర్ల్స్ అని తేల్చి చెప్పలేం. కొలిచేవాళ్లకు ఒక్క మాట: ఇందులో గొలుసు దిశ నిరోధాన్ని, అడ్డ దిశల నిరోధాన్ని ఒకే స్ఫటికం మీద తీసుకోండి, వేర్వేరు స్ఫటికాల అంకెలు కలిపి నిష్పత్తి కట్టకండి. ఇందాక చెప్పిన పైపొర ప్రవాహం తంటా ఇక్కడా ఉంది, అచ్చయిన నిష్పత్తులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండటానికి ఎక్కువ భాగం అదే కారణం.